మొహమాటం లేని అమ్మకపు పేరంటం

పేరంటానికి పిలుపు వస్తే పసుపు కుంకుమలు, తాంబూలం అందుకొని రావడం మన ఇళ్ళలో తరతరాల ఆచారం. ఈ రోజులలో మరొక తరహా పేరంటం కూడా వాడుకలోకి వచ్చింది. పిలిచినవారి ముందు గదిలో జంపఖానా మీద ప్లాస్టిక్ డబ్బాలో, వంటపాత్రలో, సౌందర్య సాధనాలో కొలువుతీరి ఉంటాయి. వాటి గుణగణాలు వివరించడానికి ఒక మహిళ వస్తుంది. రెండు మూడు ఆటలు, కాసిని నవ్వులు, టీ, ఆ తరువాత ఆర్డరు కాగితం. ఆడినవారు సంతోషంగానే ఆడతారు. కాని కొన్నవారంతా సంతోషంగానే కొన్నారా అన్నది వేరే ప్రశ్న.

భిలాయి వంటి ఉక్కునగరంలో ఇటువంటి పేరంటానికి అనుకూలత ఎక్కువ. చిక్కు కూడా ఎక్కువే. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం ఫలితంగా నిర్మాణమై, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ చేతులమీదుగా తొలి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభమైన కర్మాగారం చుట్టూ వెలసిన ఊరు అది. విజయనగరం–రాయపూర్ రైలు మార్గం మీదుగా ఉత్తరాంధ్ర నుంచి ఎన్నో కుటుంబాలు అక్కడికి చేరాయి. సెక్టారులోని ఒకే వరస క్వార్టర్లలో తెలుగు, బెంగాలీ, మలయాళీ, పంజాబీ, ఛత్తీస్‌గఢీ ఇల్లాళ్ళు ఇరుగుపొరుగులు. పిలిస్తే పది నిమిషాలలో పదిమంది చేరుతారు. కాని ఈ రోజు వస్తువు వద్దన్న ఇల్లాలు రేపు అదే పొరుగింటికి తోడు కోసం వెళ్ళవలసి ఉంటుంది. పిలిచినావిడ భర్త తన భర్తకు పై అధికారి అయితే ఇక చెప్పనక్కరలేదు. అక్కడ అసలు అమ్మేది వస్తువు కాదు, మొహమాటం!

ఆట వెనుక లెక్క

ఈ పద్ధతికి పేరు తెచ్చినది అమెరికాలోని టప్పర్‌వేర్ సంస్థ. మూతను ఎలా బిగించాలో ఎవరైనా చేసి చూపితే తప్ప ఆ డబ్బాల గొప్పతనం కొనేవారికి బోధపడలేదు. దుకాణాలలో అవి అంతగా కదలలేదు. బ్రౌనీ వైజ్ అనే మహిళ వాటిని ఇళ్ళలో విందుల మధ్య అమ్మి చూపింది. ద్రవం నింపి మూత బిగించిన గిన్నెను గదిలో విసరడం, చుక్క కూడా ఒలకలేదని చూపడం ఆమెకు పరిపాటి. 1951లో ఆ సంస్థ దుకాణాల అమ్మకం మానివేసి ఇళ్ళనే నమ్ముకున్నది. 1954లో బిజినెస్ వీక్ పత్రిక ముఖచిత్రంగా ఆమె బొమ్మ వెలువడింది. ఆ గౌరవం పొందిన తొలి మహిళ ఆమె. 1996లో ఆ సంస్థ మన దేశంలో అడుగుపెట్టింది. 2024 సెప్టెంబరులో అమెరికాలో దివాలా రక్షణ కోరవలసిన స్థితికి వచ్చింది. అయినా ఆమె నేర్పిన విద్య మాత్రం ఎన్నో సంస్థల చేతిలో నిలిచి ఉన్నది.

ఆ విద్యలో ఆటలది చిన్న పాత్ర కాదు. మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ చల్దీనీ 1984లో వెలువరించిన 'ఇన్‌ఫ్లుయెన్స్' అనే గ్రంథంలో ఈ విందులను పరిశీలించాడు. మొదట ఆటలు ఆడించి బహుమతులు ఇస్తారు. గెలవనివారికి కూడా సంచిలో నుంచి ఒకటి తీసుకోమంటారు. అమ్మకం మొదలయ్యేసరికి ప్రతి ఒక్కరూ ఏదో ఒకటి పుచ్చుకొని ఉంటారు. పుచ్చుకున్న చేయి ఊరకుండలేదు కదా! 1990లో ఫ్రెంజెన్, డేవిస్ అనే పరిశోధకులు ఇటువంటి విందులనే అధ్యయనం చేసి, కొనుగోలు విషయంలో వస్తువు మీది ఇష్టం కన్న పిలిచినావిడతో ఉన్న స్నేహమే బలంగా పనిచేస్తున్నదని తేల్చారు.

అంతమాత్రం చేత ఆటలు మానుకోనక్కరలేదు. అతిథిని కట్టివేసే ఆటలు కొన్ని ఉన్నట్లే, కట్లు విప్పే ఆటలూ ఉన్నాయి. ఎంచుకోవడంలోనే ఉన్నది నేర్పంతా.

ఏ ఆటలు ఆడించవచ్చు?

మొదట రెండు సంగతులు గమనించాలి. ఉక్కునగరంలో మూడు షిఫ్టులు. రాత్రి పని చేసి వచ్చిన మనిషి పక్క గదిలోనో, గోడ అవతలి ఇంట్లోనో మధ్యాహ్నం నిద్రపోతూ ఉండవచ్చు. కేకలు పెట్టే ఆటలు అక్కడ పనికిరావు. రెండవది, గదిలో అయిదారు భాషలవారు ఉంటారు. ఒక్క భాష మీద ఆధారపడిన ఆట అయితే సగంమంది ప్రేక్షకులుగా మిగిలిపోతారు.

*వాసన పట్టు:* ఆరు చిన్న డబ్బాలలో జీలకర్ర, వాము, మెంతులు, సోంపు, ఇంగువ, ధనియాలు వేసి మూతలు బిగించాలి. కళ్ళు మూసుకున్న అతిథి ముందు ఒక్కొక్క మూత తీసి, వాసనను బట్టి పేరు వ్రాయమనాలి. ఏ భాషలో వ్రాసినా సరే. అమ్మే వస్తువు డబ్బాలే అయితే ఇది మంచి పరీక్ష కూడా. మూత బిగించిన తరువాత కూడా ఇంగువ వాసన బయటికి వస్తున్నదంటే ఆ డబ్బా సంగతి ఎవరూ నోరు విప్పి చెప్పనక్కరలేదు.

*పళ్ళెంలో ఇరవై:* గరిటె, సూది, తాళంచెవి, గాజు, అగ్గిపెట్టె వంటి ఇరవై వస్తువులను పళ్ళెంలో పెట్టి ఒక్క నిమిషం చూపించి గుడ్డ కప్పాలి. గుర్తున్నవి వ్రాయాలి. ఇందులో అమ్మకపు వస్తువు ఒకటికి మించి ఉండకూడదు. మించితే అది ఆట కాదు, ప్రకటన.

*తంబోలా:* ఒకటి నుంచి తొంభై వరకు అంకెలు. చీటీలో మూడు వరసలు, వరసకు అయిదు చొప్పున పదిహేను అంకెలు. అందరికీ తెలిసిన ఆట. హిందీలో అంకెలు పిలిస్తే చాలు. చీటీకి డబ్బు పుచ్చుకోకపోవడం మంచిది. బహుమతి చిన్నదిగా, అమ్మకానికి సంబంధం లేనిదిగా ఉండాలి: ఒక కొబ్బరికాయ, ఒక మూర పూలు.

*బట్టల క్లిప్పు:* వచ్చిన ప్రతివారికీ ఒక క్లిప్పు ఇస్తారు. నిషిద్ధమైన మాట ఒకటి ఉంటుంది. అది ఎవరి నోట వస్తే వారి క్లిప్పు విన్నవారిది. ఆ నిషిద్ధమైన మాట 'వద్దు' అయితే అప్రమత్తంగా ఉండాలి. అరగంటసేపు వద్దనకుండా నాలుకను తీర్చిదిద్దిన తరువాత ఆర్డరు కాగితం చేతికి వస్తే ఏమవుతుంది? దానినే తిరగవేయండి. 'అవును', 'సరే' అన్న మాటలను నిషేధించండి. టీ కావాలా అన్నా, కూర్చుంటారా అన్నా కాదనవలసిందే. నవ్వులకు కొదవ ఉండదు. వద్దని చెప్పడం నోటికి అలవాటవుతుంది.

*ధర ఊహించు:* వస్తువును చేతికిచ్చి, తాను అయితే దానికి ఎంత ఇస్తుందో పేరు లేని చీటీ మీద వ్రాసి గిన్నెలో వేయమనాలి. చీటీలన్నీ చదివిన తరువాత అసలు ధర చెప్పాలి. ధర అందరి అంచనాకు మించి ఉంటే ఆ సంగతి అందరికీ ఒక్కసారే తెలుస్తుంది. ఖరీదెక్కువ అన్న మాట ఏ ఒక్కరి మీదా పడదు. అమ్మేవారికి కూడా ఇంతకన్న నిజమైన సమాచారం దొరకదు.

ఆట ముగిసిన తరువాత

బహుమతులు అమ్మకానికి ముందు పంచకుండా, అందరూ సెలవు పుచ్చుకునేటప్పుడు ఇవ్వడం న్యాయం. పిలిచిన ఇల్లాలికి అమ్మకాన్ని బట్టి కానుక దక్కే ఏర్పాటు ఉంటే ఆ మాట మొదటే చెప్పాలి. ఆర్డరు కాగితం ఇంటికి పంపి, మరునాడు మడిచి కవరులో పెట్టి ఇమ్మనడం అన్నిటికన్న మేలు. ఖాళీ కవరు ఇచ్చినా ఎవరూ అడగరాదు.

చట్టం కూడా కొంత అండ ఇస్తున్నది. 2021 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన ప్రత్యక్ష విక్రయ నిబంధనల ప్రకారం, విక్రేత గుర్తింపు కార్డు లేకుండా, ముందుగా అనుమతి పొందకుండా ఇంటికి రాకూడదు. ధర, చెల్లింపు, వాపసు షరతులు పూర్తిగా తెలియజేయాలి. మరికొందరిని పరిచయం చేస్తే ధర తగ్గుతుందని ఆశ చూపి అమ్మకూడదు. మనుషులను చేర్చడం మీదనే ఆదాయం ఆధారపడే పిరమిడ్ పథకాలు నిషిద్ధం.

అయితే పొరుగింటి ఆవిడ ముఖం చూసి కలిగే మొహమాటానికి ఏ నిబంధనా మందు కాదు. ఆ మందు పిలిచిన ఇల్లాలి చేతిలోనే ఉన్నది. ఆ రోజు ఏమీ కొనకుండా వెళ్ళిన పొరుగావిడ, మరునాడు పంచదార అప్పు కోసం జంకకుండా తలుపు తట్టగలిగితే, ఆ పేరంటం చక్కగా జరిగినట్లే లెక్క.