పుష్యమాసపు చలిలో ఇంటి కచేరీ

త్యాగరాజస్వామి సిద్ధి పొందింది 1847 పుష్య బహుళ పంచమినాడు. ఆ తిథి ఏటా జనవరిలోనో, ఫిబ్రవరి మొదట్లోనో వస్తుంది. అప్పుడు తిరువయ్యారులో కావేరి ఒడ్డున పొద్దుటిపూట ఓ శాలువా కప్పుకుంటే చాలు. అమెరికాలోని ఒహాయోలో, మిషిగన్‌లో, మినసోటాలో మాత్రం వాకిట్లో మంచు పారతో ఎత్తిపోస్తే తప్ప అతిథి గుమ్మందాకా రాలేడు. అయినా ఆరాధన ఆగదు. ఎవరో ఒకరి ఇంటి బేస్‌మెంట్‌లో జంపఖానాలు పరిచి, స్వామి పటానికి దండ వేసి, ఊళ్ళో పాడగలిగినవాళ్ళంతా గొంతు కలుపుతారు. సాయంత్రం స్థానిక కళాకారుల కచేరీ.

దీన్ని చిన్న వేడుక అనుకోనక్కర్లేదు. క్లీవ్‌లాండ్ ఆరాధన 1978లో మొదలైంది ఒక చర్చి బేస్‌మెంట్‌లోనే. ఇప్పుడది క్లీవ్‌లాండ్ స్టేట్ యూనివర్సిటీలో రోజుల తరబడి జరుగుతూ భారతదేశం నుంచి విద్వాంసులను రప్పిస్తోంది. తమిళులు, కన్నడిగులు, మలయాళీలు కలిసి పాడే త్యాగరాజ పంచరత్న కృతుల్లో నాట రాగ కృతి సంస్కృతం. తక్కిన నాలుగూ మన తెలుగే. అది తలచుకుంటే ఏ తెలుగువాడి గుండైనా పొంగుతుంది.

ఇంటి కచేరీలో పాడే ఆమె పగలు ఆస్పత్రి ల్యాబ్‌లో పనిచేస్తుండవచ్చు. వయొలిన్ పట్టిన ఆయనది డేటాబేస్ ఉద్యోగం కావచ్చు. మృదంగం ముందున్న కుర్రాడికి ఇంకా హైస్కూలు పూర్తికాకపోవచ్చు. అరవైమంది ముందు, మైకు లేకుండా, గమకం చివరి అంచు కూడా వినిపించేంత దగ్గరలో వాళ్ళు కూర్చుంటారు. అందుకే తప్పు కూడా అంతే స్పష్టంగా వినిపిస్తుంది. ఆ తప్పు చాలాసార్లు కళాకారులది కాదు, గదిలోని గాలిది.

భవనాల హీటింగ్ వ్యవస్థలతో పనిచేసేవారికి తెలిసిన లెక్క ఒకటుంది. మైనస్ 10 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఘనమీటరు గాలి మహా అయితే రెండున్నర గ్రాముల తేమను మోస్తుంది. అదే గాలిని ఫర్నేస్ 21 డిగ్రీలకు వేడిచేస్తే 18 గ్రాములు మోయగలుగుతుంది. కొత్తగా నీరేమీ చేరలేదు గనక గదిలో తేమ 13 శాతానికి పడిపోతుంది. చెక్క, తోలు వాద్యాలకు 40 నుంచి 60 శాతం ఉండాలి.

మృదంగం సంగతే చూడండి. కుడివైపు తోలు ఎండితే బిగిసి శ్రుతి పెరుగుతుంది, తడి తగిలితే జారుతుంది. ఐదు గంటలకు ఖాళీ గదిలో ఆ కుర్రాడు రాయి, పుల్ల పట్టుకుని అంచు చుట్టూ కొడుతూ శ్రుతి కలుపుకుంటాడు. పైనుంచి కొడితే శ్రుతి ఎక్కుతుంది, కిందినుంచి కొడితే దిగుతుంది. ఏడింటికి జనం నిండుతారు. కూర్చున్న మనిషి ఊపిరితో, చెమటతో గంటకు దాదాపు 50 గ్రాముల నీటిని గాలిలోకి వదులుతాడు. అరవైమందంటే గంటకు మూడు లీటర్లు! ప్రధాన కృతికి వచ్చేసరికి మృదంగం దిగిపోయి ఉంటుంది. ఒక స్కూలు హాల్లో సరిగ్గా తని ఆవర్తనం వేళకు వేదిక పైనున్న వెంట్ వేడిగాలి ఊదింది. ఎడమ మూతకు అద్దిన బొంబాయి రవ్వ ముద్ద ఎండి పెచ్చులు లేచింది. మూడు నెలల సాధన ఆ పదినిమిషాల్లో వృథా అయింది.

వీణది మరింత సున్నితమైన బాధ. పొడిగాలికి పనసచెక్క నెర్రెలిస్తుంది. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే మానునుంచి తొలిచిన ఏకాండి వీణైనా సరే, దాని 24 మెట్లు నిలిచేది మైనం మీదే. వేసవి ఎండలో కారులో వదిలేస్తే ఆ మైనం మెత్తబడి మెట్లు కదులుతాయి. మెట్లమర్చి మళ్ళీ మేళం కట్టగల చెయ్యి ఈ దేశంలో దొరకడం కష్టం.

కనక ఇంటివారు భోజనాల ఏర్పాటుతోపాటు ఓ చిన్న హైగ్రోమీటర్ కొని పెట్టుకోవాలి. ముందురోజు నుంచే హ్యుమిడిఫయర్ నడపాలి. కిటికీ అద్దాలకు చెమ్మ పట్టడం మొదలైతే ఆపేయాలి. గట్టి చలిలో 35 శాతం అందినా మేలే. వేదిక మీది వెంట్ మూసేయాలి. సాంబారు ట్రేల ఆవిరి వాద్యాల వైపు రాకుండా చూడాలి. కళాకారులను రెండు గంటలు ముందే రమ్మనాలి. చలిలోంచి వచ్చిన వయొలిన్ పెట్టెను వెంటనే తెరిస్తే చల్లని చెక్కమీద నీరు చేరుతుంది, బిగించిన పెట్టెలోనే అది మెల్లగా గది వేడికి రావాలి. జనం కూర్చున్నాక మళ్ళీ శ్రుతి చూసుకోవడానికి ఐదు నిమిషాలు ఇవ్వండి. ఆ ఐదు నిమిషాలు కార్యదర్శి ప్రసంగంలోంచి తీసుకున్నా నష్టం లేదు.

ఇక పాడేవాళ్ళ కోసం పాటల కాగితాలు తెలుగు లిపిలో అచ్చువేయించండి. ఇంగ్లీషు అక్షరాల్లో చదివే పిల్లలకు ద, ధల తేడా, ల, ళల తేడా చెవికి అందడం లేదు. కావాలంటే రెండూ పక్కపక్కన వేయండి. పిల్లలను వెనక గదిలో ఐప్యాడ్‌కు అప్పగించకుండా మొదటి వరసలో కూర్చోబెట్టండి. ఊరివాళ్ళే కదా అని కళాకారులకు శాలువాతో సరిపెట్టకండి. మృదంగం మూత మార్పించాలంటే చాలామంది ఇండియా వెళ్ళేవాళ్ళ సామానులో పంపుకోవాల్సి వస్తోంది. వీణ మేళానికీ అదే తిప్పలు. ఆ ఖర్చుకు సరిపడేంత సంభావన ఆరాధన బడ్జెట్‌లో పూలు, భోజనాల కన్నా ముందే రాసిపెట్టాలి.