బొంబాయి మిల్లులనుండి ఎఱ్ఱని మాత్ర వఱకు

మన గ్రామములలో నాలుగవ నెల వచ్చిన గర్భిణి చేతిలో ఆశా కార్యకర్త పెట్టు ఎఱ్ఱని మాత్రయందు 60 మిల్లీగ్రాముల ఇనుముతోపాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లము గలదు. రక్తవృద్ధికి ఇనుము కావలెనన్న సంగతి ఎల్లరు ఎఱిగినదే. ఆ రెండవ పదార్థపు జాడ మాత్రము, ప్రసవకాలమున తల్లులేల మరణించుచున్నారని తెలిసికొనుటకు దాదాపు నూఱేండ్ల క్రిందట మన దేశముననే ప్రభుత్వ పరిశోధన నిధితో సాగిన ఒక విచారణలో దొరకినది.

1911 లో నెలకొల్పబడిన ఇండియన్ రీసెర్చ్ ఫండ్ అసోసియేషన్, అనగా 1949 లో ఐ.సి.ఎమ్.ఆర్. అను పేరు దాల్చిన సంస్థయే, ఆ విచారణను చేపట్టెను. విమెన్స్ మెడికల్ సర్వీసున పనిచేసిన డాక్టరు మార్గరెట్ బాల్ఫోర్ ఆహ్వానముపై 1928 లో లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలోని హాఫ్‌కిన్ ఇన్‌స్టిట్యూటునకు వచ్చెను. అచ్చటి బట్టలమిల్లులలో పనిచేయు స్త్రీలు గర్భము ధరించినంతనే పాలిపోయి, ఆయాసపడి, పలువురు ప్రాణములకే మోసము తెచ్చుకొనుచుండిరి. వారి రక్తమున ఎఱ్ఱకణముల సంఖ్య తగ్గి, ఉన్న కణములు అసహజముగా పెద్దవై కనబడుచుండెను. విల్స్ సూక్ష్మదర్శినితోనే తృప్తిపడక, ఆ స్త్రీలు ఎట్టి ఇండ్లలో కాపురముండిరో, వారి కంచములలో ఏమి పడుచుండెనో పరిశీలించెను. కూరగాయలు, పండ్లు, మాంసకృత్తులు కొఱవడిన నిరుపేదల భోజనమునకును ఈ వ్యాధికిని గల సంబంధము ఆమెకు అట్లే గోచరించినది. ఆసుపత్రి గడప దాటి వంటయింటి వఱకు పోయిన ఆ చూపునందే ఆమె గొప్పతనమంతయు నున్నదని నా తలంపు.

తరువాత కూనూరులోని పాశ్చర్ సంస్థయందు, రాబర్ట్ మెకారిసన్ పోషకాహార పరిశోధనకు అధ్యక్షుడై యుండగా, ఆమె ఆ పేదల ఆహారమునే ఎలుకలకు పెట్టి పరీక్షించెను. మెకారిసన్ నాటిన ఆ ప్రయోగశాలయే 1958 లో హైదరాబాదునకు తరలివచ్చి నేడు జాతీయ పోషకాహార సంస్థగా తార్నాకలో వెలయుచున్నది. ఎలుకలపిమ్మట కోతులపైనను పరీక్షలు సాగినవి. మార్మైట్ అను చవుక ఈస్టు రసము ఆ రక్తహీనతను మాన్పునని తేలినది. గర్భిణులకు దానిని ఇయ్యగా వారును కోలుకొనిరి. 1931 లో, మదరాసు ట్రిప్లికేనులోని గోషా ఆసుపత్రియందును ఆమె పనిచేసిన ఏటనే, ఆ ఈస్టు రసపు చికిత్సా ఫలితములు బ్రిటిష్ మెడికల్ జర్నలులో ప్రకటితమైనవి. ఆ రసములోని గుణకారి ఏదో అప్పటికి ఎవరికిని తెలియదు గనుక దానిని విల్స్ పదార్థమనియే పిలిచిరి.

దానికి రూపమిచ్చిన వారిలో ముఖ్యుడు మన భీమవరమున 1895 లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వమున పనిచేసిన రసాయనవేత్తలు 1945 నాటికి ఆ పదార్థమును, అనగా ఫోలిక్ ఆమ్లమును, కృత్రిమముగా నిర్మింపగలిగిరి. లెడర్లీ ప్రైవేటు సంస్థయేయని ఒప్పుకొనవలెను. ప్రభుత్వధనమే సర్వమును సాధించినదనుట సత్యము కాదు. అయినను తల్లుల మరణమును గూర్చిన తొలిప్రశ్నను అడిగించినది ప్రజాధనమే.

చివఱి ప్రశ్నయు అట్టిదే. గర్భస్థశిశువు వెన్నుపాము, మెదడు ఏర్పడు నాళము మూసికొనక పుట్టుకతోనే వైకల్యము కలుగుటకు ఫోలిక్ ఆమ్లలోపము కారణమగునాయని పరీక్షించుటకు బ్రిటన్ ప్రభుత్వ నిధితో నడచు మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ 1983 లో పూనుకొనెను. ఇంతకుముందు అట్టి బిడ్డను కని మరల గర్భము కోరిన 1,817 మంది స్త్రీలను ఏడు దేశములలోని 33 కేంద్రములలో నాలుగు వర్గములుగా విభజించి, ఎనిమిదేండ్లు ఓపికతో గమనించిరి. ఫోలిక్ ఆమ్లము సేవించినవారిలో ఆ వైకల్యము 72 శాతము తగ్గినదని 1991 లో తేలగా, తక్కినవారికి దానిని అందకుండ చేయుట ధర్మము కాదని పరీక్షను మధ్యలోనే నిలిపివేసిరి. కాసులకు దొరకు పదార్థముపై, లాభాపేక్షగల ఏ వ్యాపారి ఎనిమిదేండ్ల వ్యయమునకు ఓర్చుకొనును?

ఆ నాళము గర్భధారణమైన 28 దినములలోపుననే మూసికొనును. అప్పటికి పెక్కుమంది స్త్రీలకు తాము గర్భిణులమన్న సంగతియే తెలియదు. కావుననే బిడ్డను కోరుకొనిన నాటినుండియే ఫోలిక్ ఆమ్లమును సేవింపవలెనని వైద్యులు చెప్పుదురు.

మన దేశమున గర్భిణులకు ఇనుము, ఫోలిక్ ఆమ్లము పంచు జాతీయ కార్యక్రమము 1970 లో ఆరంభమైనది. అర్ధశతాబ్ది గడచిన పిమ్మట, 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 52.2 శాతము గర్భిణులు రక్తహీనలుగానే కనబడిరి. మాత్రలే అందలేదా, అందినను మ్రింగలేదా, మ్రింగినను ఒంటబట్టలేదా? నులిపురుగులా, బి12 లోపమా, వంశపారంపర్యమగు రక్తదోషమా? ఒక్కొక్క జిల్లాకు సమాధానము ఒక్కొక్క తీరున నుండవచ్చును. మాత్ర వేసికొనిన వికారమగునని కొందఱు, బిడ్డ నల్లగా పుట్టునని కొందఱు, బిడ్డ మిక్కిలి పెరిగి కాన్పు కష్టమగునని మఱికొందఱు దానిని గూటిలోనే దాచియుంచుదురు. ఆ మాటలు ఆసుపత్రి కాగితములకు ఎక్కవు; విల్స్ వలె ఆ ఇండ్ల అరుగులపై కూర్చుండి వినువారు కావలెను, వారికి ఏండ్ల తరబడి జీతమిచ్చు పద్దును ప్రభుత్వపు బడ్జెటులో ఉండవలెను.