విస్తరిలోకి తిరిగి వచ్చిన ధాన్యాలు

ఆరోగ్యం కోసం కొత్త ఆహారాన్ని వెదుక్కుంటూ బయలుదేరినవారు చివరకు చేరుకొంటున్నది తాతముత్తాతల వంటింటికే. అయితే అక్కడ నేర్చుకోవలసింది ధాన్యం పేరు ఒక్కటే కాదు.

యాభై ఏళ్ళు దాటిన ఒక గృహస్థు రక్తపరీక్ష కాగితం చేత పట్టుకొని ఇల్లు చేరాడు. రక్తంలో చక్కెర హద్దు దాటింది. అన్నం తగ్గించమన్నారు వైద్యులు. అన్నమే ప్రాణంగా బతికిన ఇంట్లో ఆ మాట పిడుగుపాటు వంటిది. మరునాటి నుంచి అన్వేషణ మొదలైంది. మొదట ఓట్స్ వచ్చాయి. జావ కాచుకొని వారం రోజులు ఓపికగా మింగాడు. తరువాత దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాలలో పుట్టిన కినోవా వచ్చింది. దాని ధర చూసి ఇల్లాలు పెదవి విరిచింది. మూడవ నెలలో, ఎవరో చెప్పగా, పసుపుపచ్చని సన్నగింజల పొట్లం ఒకటి తెచ్చాడు. వృద్ధురాలైన తల్లి ఆ గింజలు నాలుగు అరచేతిలో పోసుకొని చూసి ఫక్కున నవ్వింది.

"ఇవి కొర్రలు కదరా నాయనా! నా చిన్నప్పుడు మా ఇంట్లో రోజూ ఇదే అన్నం. వరి అన్నం పండగనాడే. దీన్ని ఇప్పుడు ఇంత డబ్బు పోసి కొంటున్నారా?"

ఈ దృశ్యం ఏ ఒక్క ఇంటిదీ కాదు. కొద్ది మార్పులతో నేడు దేశంలోని అసంఖ్యాకమైన ఇళ్ళలో జరుగుతున్నదే. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగి 2023లో ప్రచురితమైన దేశవ్యాప్త సర్వేక్షణ ప్రకారం మన దేశంలో మధుమేహ పీడితులు సుమారు 10 కోట్లు. ఆ వాకిట్లో నిలబడి ఉన్నవారు మరో 13 కోట్లకు పైమాటే. వీరిలో ప్రతి ఒక్కరికీ ఏదో ఒక రోజున ఒకటే ప్రశ్న ఎదురవుతుంది: అన్నం కాకపోతే మరేమి తినాలి?

ఒక్క కుటుంబం, వంద పేర్లు

ఆ ప్రశ్నకు జవాబుగా వినవస్తున్నవి చిరుధాన్యాలు. జొన్న, సజ్జ, రాగి పెద్దవి. కొర్ర, సామ, అరికె, ఊద, వరిగ, అండుకొర్ర చిన్నవి. పేర్లు మాత్రం ఊరూరికీ మారుతాయి. రాయలసీమలో రాగి అన్నది ఉత్తరాంధ్రలో చోడి, తెలంగాణలో తైదలు, మహారాష్ట్రలో నాచణి, ఉత్తరాఖండ్‌లో మండువా. నేపాల్‌లో దీనినే కోదో అంటారు. మధ్యప్రదేశ్‌లో కోదో అని అడిగితే అరికెలు చేతికిస్తారు!

వంటలు మాత్రం పేర్లకు అతీతంగా ఒకదానికొకటి చుట్టాలే. సీమ సంకటి, కన్నడిగుల ముద్దె, నేపాలీల ఢిండో అక్కచెల్లెళ్ళు. తెలంగాణ జొన్నరొట్టె, మరాఠాల భాకరీ, ఉత్తర కర్ణాటకలోని జోళద రొట్టి ఒకే తల్లి బిడ్డలు. ఊదలు ఉత్తరాదిన బతికి బట్టకట్టడానికి ఉపవాసాలు తోడ్పడ్డాయి. వ్రతదినాలలో ధాన్యం ముట్టనివారు కూడా అక్కడ ఊద బియ్యం వండుకుంటారు. కొండప్రాంతాలలో దానితోనే పాయసం కాస్తారు.

ఇంకొక విశేషం ఉంది. మనం సనాతనమని భావించే ఈ ధాన్యాలలో కొన్ని ఒకప్పుడు పరదేశీయులే. జొన్న, సజ్జ, రాగి వేల సంవత్సరాల క్రితం ఆఫ్రికా నుంచి మన ఉపఖండానికి వచ్చాయి. అరికె, సామ, అండుకొర్ర ఇక్కడి నేలలోనే పుట్టి పెరిగాయి. అంటే కొత్త ధాన్యాన్ని రుచి చూసి తనదిగా చేసుకోవడం ఈ దేశపు వంటింటికి కొత్త విద్య కాదు.

చిన్నచూపు కథ

మరి ఇంతటి ధాన్యాలు మరుగున ఎందుకు పడ్డాయి? చిన్నచూపు ఒక కారణం. అది నేటిది కాదు. పల్నాటి సీమలో జొన్నకూడు తినలేక విసుగెత్తి ఎగతాళి చేసిన చాటువులు శ్రీనాథుని పేర నేటికీ ప్రచారంలో ఉన్నాయి. కృష్ణాతీరపు సన్నన్నం రుచి మరిగినవారికి మెట్టసీమ కూడు గొంతు దిగలేదన్నమాట.

దీనికి సమాధానమా అన్నట్లు 16వ శతాబ్దంలో కన్నడ భక్తకవి కనకదాసు ఒక కావ్యం వ్రాశాడు. 'రామధాన్య చరిత్రె' అనే ఆ కావ్యంలో వరికీ రాగికీ ఎవరు గొప్ప అని వివాదం వస్తుంది. శ్రీరాముడు రెండింటినీ ఆరు నెలలు చెరలో ఉంచుతాడు. గడువు తీరేసరికి వరి చివికిపోతుంది, రాగి చెక్కుచెదరదు. గెలిచిన ధాన్యానికి రాఘవుడు తన పేరే ఇస్తాడు. రాజుల విస్తరిలో చోటు దొరకని గింజకు దేవుని దర్బారులో పట్టాభిషేకం చేసిన కవి, ఆ గింజ తిని బతికిన సామాన్యుని పక్షాన నిలిచాడని వేరే చెప్పనక్కరలేదు.

కాని చిన్నచూపు ఒక్కదానివల్లనే ఇంతటి మార్పు రాలేదు. 1960ల తరువాత హరిత విప్లవం వరికీ గోధుమకూ పట్టం కట్టింది. నాగార్జునసాగర్ వంటి జలాశయాల నీరు పారిన చోట మెట్ట పొలాలు మాగాణులయ్యాయి. ప్రభుత్వం మద్దతు ధర ఇచ్చి కొన్నది ప్రధానంగా వరి, గోధుమలే. చౌకదుకాణంలో అమ్మినదీ అవే. 1983లో ఆంధ్రప్రదేశ్‌లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చింది. అది పేదల ఆకలిని తీర్చిందన్న మాట కాదనలేనిది. అయితే అంతవరకు పండగకే పరిమితమైన వరి అన్నం ప్రతిదినమూ దొరకడంతో, పొలంలో జొన్న వేయవలసిన అవసరమూ వంటింట్లో జొన్న దంచవలసిన అవసరమూ తగ్గిపోయాయి.

ఈ దంచడం సంగతి పురుషులు వ్రాసిన చరిత్రలలో తరచుగా కనబడదు. జొన్న, సజ్జ, రాగి గింజలకు గట్టి పొట్టు అంటిపెట్టుకొని ఉండదు. కాని కొర్ర, సామ, అరికెల మీది పొట్టు మొండిది. రోకలితో దంచి, చెరిగి, మళ్ళీ దంచి పూట గింజలు సిద్ధం చేసేసరికి స్త్రీల రెక్కలు పడిపోయేవి. బియ్యం మరలు ఊరూరా వచ్చాయి గాని ఈ చిన్నగింజలకు తగిన యంత్రాలు చాలాకాలం రాలేదు. ఆ ధాన్యాలను వదులుకొన్న ఇల్లాలు రుచిని కాదు, చాకిరిని వదులుకొన్నది.

శాస్త్రం ఏమంటున్నది?

గింజల గుణాలను శాస్త్రజ్ఞులు ఎప్పుడో లెక్కగట్టారు. నూరు గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల క్యాల్షియం ఉంటుంది. అంతే తూకం ఆవుపాలలో ఉండేది సుమారు 120 మిల్లీగ్రాములు. మరపట్టిన బియ్యంలో 10 మిల్లీగ్రాములకు మించదు. సజ్జలలో ఇనుము బియ్యంలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. కొర్రలలో మాంసకృత్తులు, పీచు అధికం. పీచు ఉన్న గింజ నిదానంగా జీర్ణమవుతుంది. అందువల్ల రక్తంలోకి చక్కెర ఒక్క ఉదుటున చేరదు. హైదరాబాదు సమీపాన పటాన్‌చెరులో ఉన్న ఇక్రిశాట్ సంస్థ నాయకత్వంలో 65 అధ్యయనాలను క్రోడీకరించి 2021లో వెలువరించిన పరిశీలనలో, చిరుధాన్యాలు నిత్యం తిన్న మధుమేహ రోగుల రక్తంలో చక్కెర 12 నుంచి 15 శాతం వరకు తగ్గినట్లు తేలింది.

ఇంతవరకు విన్నవారు వెంటనే బజారుకు పరుగెత్తడం సహజం. కాని శాస్త్రం చెప్పిన రెండవ మాట కూడా వినడం అవసరం. వైద్య పరిశోధన మండలి సర్వేక్షణ ఆధారంగా 2025లో వెలువడిన మరొక పరిశీలన ప్రకారం, భారతీయుల ఆహారంలో శక్తి 62 శాతం వరకు పిండిపదార్థాల నుంచే వస్తున్నది. బియ్యం తీసివేసి అంతే పరిమాణంలో గోధుమ పిండినో చిరుధాన్యాల పిండినో పెట్టినంత మాత్రాన మధుమేహ ప్రమాదం తగ్గినట్లు ఆ పరిశీలనలో కనబడలేదు. మొత్తం పిండిపదార్థాలను కొంత తగ్గించి, ఆ స్థానంలో పప్పులు, పాలు పెరుగుల వంటి మాంసకృత్తులను చేర్చినప్పుడే ప్రయోజనం కనబడింది.

ఇందులో ఆశ్చర్యం లేదు. కొర్రలలోనూ శక్తి ఇంచుమించు బియ్యంలో ఉన్నంతే ఉంటుంది. బియ్యపు అన్నం మూడు సార్లు వడ్డించుకొనే మనిషి కొర్రన్నం కూడా మూడు సార్లు వడ్డించుకొంటే మారినది రంగు మాత్రమే. పాలిష్ పట్టి తెల్లగా మెరిపించిన కొర్రలకూ, మెత్తగా పిండిచేసి కాచిన జావకూ ఈ మాట మరింతగా వర్తిస్తుంది.

అతి ఎప్పుడూ ముప్పే

ఒకే ధాన్యాన్ని నమ్ముకోవడం ప్రమాదమని చెప్పే పాఠం హైదరాబాదులోనే దొరుకుతుంది. జొన్న తప్ప మరొకటి దొరకని దక్కను పీఠభూమి పేదలలో పెల్లాగ్రా అనే చర్మవ్యాధి కనబడేది. 1960లో సి. గోపాలన్, ఎస్. జి. శ్రీకంఠయ్య అనే పోషకాహార శాస్త్రజ్ఞులు దానికీ జొన్నలో అధికంగా ఉండే ల్యూసిన్ అనే పదార్థానికీ సంబంధం ఉండవచ్చునని ప్రతిపాదించారు. లోపం జొన్నలో కంటే పక్కన పప్పు, పాలు, కూర లేని పళ్ళెంలో ఉన్నదని గ్రహించాలి.

అరికెలకు మరొక జాగ్రత్త కావాలి. తడిసి బూజు పట్టిన అరికెలు మత్తు కలిగిస్తాయని పాతకాలపు రైతులకు తెలుసు. 2024 అక్టోబరు చివరలో మధ్యప్రదేశ్‌లోని బాంధవ్‌గఢ్ అరణ్యంలో ఇటువంటి పైరు మేసిన పది ఏనుగులు మరణించాయి. కనుక గింజ పొడిగా ఉన్నదా, ముక్కవాసన వస్తున్నదా అని చూసి కొనాలి. థైరాయిడ్ జబ్బు ఉన్నవారు సజ్జలను నిత్యాహారం చేసుకొనే ముందు వైద్యుని సలహా తీసుకోవడం మేలు.

వంటింట్లో మొదటి వారం

కొత్తగా మొదలుపెట్టేవారిలో ఎందరో మొదటి వారంలోనే విసిగి మానుకొంటారు. కారణం తరచుగా గింజ కాదు, వండే తీరు. కొర్రలు, సామలు, అరికెలు కొన్ని గంటలు నానబెట్టి, ఒక పాలు గింజలకు రెండున్నర పాళ్ళ నీరు పోసి సన్నని సెగ మీద ఉడికించాలి. నానని గింజ గొంతులో గుచ్చుకొంటుంది. జొన్నపిండికి గోధుమ పిండివలె సాగే గుణం లేదు. మరిగే నీటితో పిండి కలిపి, వేడి ఆరకముందే బాగా మర్దించి, చేత్తో తట్టాలి. మొదటి నాలుగు రొట్టెలు అంచులు పగిలితే అధైర్యపడనక్కరలేదు. సజ్జపిండిలో కొవ్వు ఎక్కువ కాబట్టి కొద్దిరోజులలోనే చేదెక్కుతుంది; వారానికి సరిపడా మాత్రమే విసరుకోవడం మంచిది. రాగులను మొలకెత్తించి ఎండబెట్టి పిండి చేసినా, అంబలిని రాత్రంతా పులియబెట్టినా అందులోని ఖనిజ లవణాలు ఒంటికి మరింతగా పడతాయి. మన పెద్దలు ఆ రెండు పనులూ చేసేవారు.

మరొకటి కూడా గమనించాలి. పాత వంటకాలు ఎన్నడూ ఒంటరిగా విస్తరిలోకి రాలేదు. సంకటికి ఉలవచారో పప్పో ఆకుకూరో తోడుండేది. జొన్నరొట్టెకు పుంటికూర, అంబలికి మజ్జిగ, ఉల్లిపాయ. తిన్నవారు పగలంతా పొలంలో వంగి పనిచేసేవారు. మనం ధాన్యాన్ని తెచ్చుకొని దాని తోడునీడలను మరచిపోతే సగం పనే చేసినట్లు.

గింజను కాపాడినవారు

భారతదేశం ప్రతిపాదన మీద ఐక్యరాజ్య సమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. అంతకు ఎంతో ముందే, ఎవరూ పట్టించుకోని రోజులలో, సంగారెడ్డి జిల్లా జహీరాబాదు పరిసరాలలో దళిత మహిళలు దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాలుగా ఏర్పడి పాత విత్తనాలను కుండలలో దాచారు. 1990ల మధ్యలో బీడు భూములు సాగుచేసి, పండిన జొన్నలను తమ ఊళ్ళలోని పేదలకే తక్కువ ధరకు పంచిపెట్టుకొన్నారు. ఈ సంస్థకు 2019లో ఐక్యరాజ్య సమితి వారి ఈక్వేటర్ బహుమతి లభించింది.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. పేదవాడు సిగ్గుపడి వదలిన గింజ నేడు నగరపు అంగళ్ళలో తరచుగా బియ్యం ధరకు రెండింతలు పలుకుతున్నది. చాకిరి చేసి పండించినవారు బియ్యం తింటూ, డాక్టరు చీటీ పట్టుకొన్నవారు మాత్రమే కొర్రలు తినే స్థితి వస్తే అది ఆరోగ్యమార్గం అనిపించుకోదు. కర్ణాటకలో చౌకదుకాణాల ద్వారా రాగులు ఇవ్వడం, ఆంధ్రప్రదేశ్ పాఠశాలల మధ్యాహ్న భోజనంలో 2023లో రాగిజావ చేర్చడం వంటి ప్రయత్నాలు ఆ దూరాన్ని తగ్గించే దారులు.

మళ్ళీ మొదటి ఇంటికి వద్దాం. ఆనాటి రాత్రి వంట బాధ్యత తల్లి తీసుకొన్నది. కొర్రలు నానబెట్టింది, పెసరపప్పులో తోటకూర వేసి వండింది, మజ్జిగ చిలికింది. కొడుకు విస్తరిలో ముందు పప్పుకూర రెండు గరిటెలు వేసి, ఆ పక్కన కొర్రన్నం ఒక్క గరిటెడు పెట్టింది. ఇంకొంచెం వేయమన్నాడు కొడుకు.

"ముందు కూర తిను నాయనా" అన్నది తల్లి. "అన్నం ఎక్కడికీ పోదు."