ఇంటిచుట్టూ కర్రదడి

పెరటిలో నాలుగు వంగమొక్కలు, ఒక బీరపాదు పెట్టుకొన్న గృహస్థునకు మొదట పట్టుకొనే చింత మేక. నెల్లూరు తీరాన మైపాడు, కోడూరు వంటి ఊళ్లలో ఇంటిచుట్టూ దడి కట్టటం అందుకొరకే. తుమ్మకంపతోనో తాటిమట్టలతోనో కట్టినది తరచు మార్చవలసినదే. నాలుగు కాలాలు నిలువవలెనంటే కర్రదడి కట్టవలె. వడ్రంగిని పిలువక ఆ పని తామే చేసుకొనదలచిన వారికి మా అనుభవం కొంత ఉపయోగపడవచ్చును.

అనుభవమన్నాము గాని, మొదటిది పరాభవమే. మేము తొలిసారి కట్టిన దడి చూడ ముచ్చటగా ఉండేది. పలకలను ఒకదానికొకటి ఆనించి, సందులేకుండా బిగించి, రంగు కూడ వేశాము. గుంజలను మాత్రం అడుగున్నర లోతున ఇసుకలో పాతి చేతులు దులుపుకొన్నాము. కార్తికమాసంలో వాయుగుండం వచ్చిన రాత్రి దడి అంతా ఒక్కపెట్టున పక్కింటివైపు వాలిపోయినది. తెల్లవారి చూస్తే ఒక్క పలకకైనా దెబ్బ తగలలేదు. లోపమంతా కంటికి కనబడని చోట ఉన్నది.

గాలి వేగం రెట్టింపయితే దాని ఒత్తిడి నాలుగింతలవుతుంది. సందులేని దడి ఆ గాలికి తెరచాప వంటిది. పలకకూ పలకకూ నడుమ రెండు వేళ్ల సందు విడిచితే గాలి తన దారి తాను చూసుకొంటుంది. మేక మూతి మాత్రం దూరదు. 1989 నవంబరులో కావలి వద్ద తీరం దాటినటువంటి తుఫానుకు ఏ దడి అయినా ఆగుతుందని మేము చెప్పము. మనం లెక్కవేసుకొనవలసినది ఏటేటా వచ్చే ఈశాన్యపు గాలివానలను.

ఇక కర్ర. తీరంలో చేతికందేది సరుగుడు. గట్టికర్రే, కాని నేలలో పాతితే దాని గట్టితనం ఎక్కువకాలం సాగదు. గుంజ అడుగుకొన కంటె, నేలమట్టం దగ్గర జానెడు మేర ముందుగా పుచ్చిపోతుంది. కర్రను తినే బూజుకు తేమ, గాలి రెండూ కావలె. రెండూ సమృద్ధిగా దొరికేది అక్కడనే. పైగా చెదలు ఎక్కేదీ అక్కడినుండే. పెద్దలు గుంజ మొదలు కాల్చి పాతేవారు. ఆ బొగ్గుపొర పలుచనిది. అది పగిలినచోట చెదకు తలుపు తెరచినట్లే.

ఈ చిక్కుకు పరిష్కారం వెదకినవారిలో సొంటి కామేశం ఒకరు. డెహ్రాడూన్ అటవీ పరిశోధనాలయంలో పనిచేస్తూ ఆయన 1933లో రాగి, క్రోమియం, ఆర్సెనిక్ లవణాలు కలిపిన ద్రావకాన్ని కనిపెట్టారు. దానికి ‘ఆస్కు’ అని పేరు. ఒత్తిడితో కర్రలోనికి ఎక్కించితే బూజూ చెదా దగ్గరకు రావు. లోకమంతటా తంతిస్తంభాలకు, కంచెలకు వాడారు. అయితే ఆర్సెనిక్ విషం. అమెరికాలో 2003 చివరితో ఇళ్లకు వాడే కర్రకు దానిని పట్టించటం మానివేశారు. అందుచేత ఆ కర్ర తినే మొక్కల ప్రక్కన మేము పెట్టము. దాని ముక్కలను పొయ్యిలో పెట్టటం మరీ ప్రమాదం. పొగలో, బూడిదలో విషం ఉంటుంది. కాలిన ఇంజను నూనె పూసేవారున్నారు. అదీ మాకు నచ్చదు. బీరపాదు నాటే మట్టిలోనికి దిగుతుంది.

మాకు నచ్చినది, అసలు కర్రను నేలకు తగులనీయకపోవటం. నాలుగడుగుల రాతికూసాన్ని రెండున్నర అడుగులు పాతి, పైన మిగిలిన అడుగున్నరకు సరుగుడు గుంజను రెండు బోల్టులతో బిగించవలె. బెజ్జాలు రాయి కొట్టేవారిచేత ముందే వేయించుకొనవలె. గుంజ అడుగు నేలకు రెండంగుళాల పైన ఉండవలె. ఖర్చు కొంత ఎక్కువే. కాని కర్ర పాడయినపుడు బోల్టు విప్పి మార్చుకొంటే సరి, మళ్లీ గుంట త్రవ్వే పని లేదు.

కట్టేముందు పొరుగువారిని పిలిచి సరిహద్దు రాళ్లు చూపించుకొనటం మరువరాదు. మూలల కూసాలు మొదట నిలిపి, వాటి నడుమ దారం లాగి, ఆరేసి అడుగులకు ఒకటి చొప్పున తక్కినవి పాతవలె. ఇసుకను ఒక్కసారి నింపక, జానెడు పోసి, నీళ్లు చల్లి, దిమ్మిసతో కొట్టి, మరల జానెడు పోయవలె. తడిపి కొట్టిన ఇసుక ఎంత బిగువుగా ఉంటుందో చేసి చూస్తేనే తెలుస్తుంది. తరువాత అడ్డుకర్రలు రెండు వరుసలు. వాటిమీద పలకలు, ఇవి కూడ నేలను అంటకుండ. సరుగుడుకు నేరుగా మేకు కొడితే చీలుతుంది. ముందు బర్మాతో బెజ్జం వేసుకొనవలె. ఉప్పుగాలికి మామూలు మేకు త్వరలో తుప్పుపడుతుంది గనుక జింకుపూత ఉన్న మేకులే కొనవలె.

కర్రను సంక్రాంతి దాటిన తరువాత కొట్టించి, వెంటనే బెరడు తీయించి, నీడన పేర్చితే ఉగాది దాటేసరికి చాలవరకు ఆరుతుంది. వేసవి సెలవులలో పిల్లల సాయంతో దడి ముగించవచ్చును. ఈశాన్యపు గాలి రావటానికి ఇంకా నాలుగైదు నెలల గడువు ఉంటుంది.