ట్యాంకు టరెట్ ఎందుకు ఎగిరిపోతుంది?

యుద్ధవార్తల ఫొటోల్లో ఒక వింత దృశ్యం మీరు చూసే ఉంటారు. కాలిపోయిన ట్యాంకు ఒకచోట, ఫిరంగితో సహా దాని పైభాగం మరోచోట తలకిందులుగా పడి ఉంటాయి. పైన గుండ్రంగా తిరిగే ఆ ఉక్కు భాగమే టరెట్. టన్నుల బరువున్న టరెట్ ఎలా ఎగిరింది? శత్రువు గుండు విసిరేసిందా? కాదు. ట్యాంకు తనలో దాచుకున్న మందుగుండే ఆ పని చేసింది.

సోవియట్ యూనియన్‌లో 1970లలో పుట్టిన టి-72నే తీసుకుందాం. మన సైన్యంలో 'అజేయ' పేరుతో చేరింది ఇదే. చెన్నై దగ్గర ఆవడిలోనూ దీన్ని తయారుచేశారు. ఇందులో ఉండేది ముగ్గురే. ఫిరంగిలో గుండు పెట్టే పని యంత్రానిది. టరెట్ కింద, ట్యాంకు అడుగున, రంగులరాట్నంలా తిరిగే పళ్లెంలో 22 గుండ్లు, వాటిని పేల్చే మందు ఉంటాయి. నాలుగో మనిషికి చోటు అక్కరలేదు కనుక ట్యాంకు ఎత్తు 2.2 మీటర్లే. పొట్టి ట్యాంకు శత్రువుకు సులువుగా కనబడదు. లాభమే కదా!

నష్టమూ అక్కడే ఉంది. కవచాన్ని చీల్చుకుని వచ్చిన నిప్పు మందుకు తగిలితే అది క్షణాల్లో వేడి వాయువుగా మారుతుంది. దానికి బయటికి దారి లేదు. చిన్న లెక్క వేద్దాం. టరెట్ కూర్చునే రంధ్రం వ్యాసం సుమారు 2 మీటర్లు. వైశాల్యం 3 చదరపు మీటర్ల పైచిలుకు. లోపలి పీడనం బయటి వాతావరణ పీడనానికి రెట్టింపైతే చాలు, చదరపు మీటరుకు 10 టన్నుల చొప్పున మొత్తం 30 టన్నుల బలం టరెట్‌ను పైకి తోస్తుంది. టరెట్ బరువు అంతకన్నా చాలా తక్కువ. పైగా పీడనం రెట్టింపు దగ్గరే ఆగదు. లోపలున్న ముగ్గురికీ తప్పించుకునే వ్యవధి దొరకదు.

1980లో అమెరికా సైన్యంలో చేరిన అబ్రామ్స్‌లో నలుగురుంటారు. ఎక్కువ గుండ్లు టరెట్ వెనుక ప్రత్యేకమైన అరలో ఉంటాయి. మధ్యలో ఉన్న ఉక్కు తలుపు గుండు తీసేటప్పుడే తెరుచుకుంటుంది. అర పైకప్పు పలకలను కావాలనే బలహీనంగా బిగించారు. ప్రెషర్ కుక్కర్ సేఫ్టీ వాల్వు సూత్రమే ఇది! మందు అంటుకుంటే పలకలు ఊడిపోయి మంట ఆకాశంలోకి పోతుంది. తలుపు మూసి ఉంటే, ట్యాంకు పాడైనా మనుషులు బతికే అవకాశం ఎక్కువ.

1991 గల్ఫ్ యుద్ధంలో ఇరాక్ టి-72లు ఘోరంగా దెబ్బతిన్నాయి. అమెరికా లెక్క ప్రకారం దెబ్బతిన్నవీ ధ్వంసమైనవీ కలిపి 23 అబ్రామ్స్‌లు. ధ్వంసమైన 9లో 7 సొంతవాళ్లే పొరపాటున కాల్చినవి. మిగిలిన 2 శత్రువుకు చిక్కకుండా తామే నాశనం చేసుకున్నవి. అయితే ఈ ఫలితం గుండ్ల అర ఒక్కదానివల్లే రాలేదు. ఇసుక గాలిలోనూ వేడినిబట్టి లక్ష్యాన్ని చూపే పరికరాలు, మంచి శిక్షణ తోడయ్యాయి.

మరి అబ్రామ్స్‌కు ఓటమి లేదా? ఉంది. 2023లో అమెరికా ఉక్రెయిన్‌కు 31 అబ్రామ్స్‌లు ఇచ్చింది. 2024 ఫిబ్రవరిలో అవ్దీవ్కా దగ్గర మొదటిది పోయింది. తర్వాత మరికొన్ని పోయాయి. ట్యాంకు కవచం ముందువైపు మందంగా, పైన పలచగా ఉంటుంది. డ్రోన్లు వచ్చేది పైనుంచే.

చివరిగా ఒక ప్రశ్న. తొలినాటి టి-72 బరువు 41 టన్నులు. నాలుగో మనిషికి చోటు, మందమైన కవచం, వేరే అర కలిసి తొలి అబ్రామ్స్ 54 టన్నులైంది. దారిలో పాత వంతెన, బురదనేల ఎదురైతే ఏమవుతుంది? మీరైతే ఏ ట్యాంకు ఎంచుకుంటారు? మిత్రులతో చర్చించండి.