నడవమంటున్నారు సరే, ఎక్కడ నడవాలి?

షుగరు, బీపీ ఉన్నవారు ఎవరు దవాఖానాకు వెళ్ళినా, మందుల చీటీతో పాటు "రోజూ అరగంట నడవండి" అన్న మాట కూడా విని వస్తారు. మా వీధిలోని ఒక ఆపా ఆ చీటీని మాకు చూపించి, "మౌల్వీ సాబ్, నడవమన్నారు. ఎక్కడ నడవాలో మాత్రం ఇందులో రాయలేదు" అన్నారు. మా వద్ద జవాబు లేకపోయింది.

మగవాళ్ళం ఫజ్ర్‌కు మస్జిదుకు నడుస్తాం, బజారుకు నడుస్తాం. మరి పొద్దస్తమానం ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టే, జర్దోజీ పని చేసే, మిషను కుట్టే స్త్రీల మాటేమిటి? వీధిలో ఒక ప్రక్క మురుగు కాలువ, మరో ప్రక్క మోటారు సైకిళ్ళు. చెట్లున్న పార్కులన్నీ డబ్బున్న వారి కాలనీల్లోనే.

పెద్దవారికి వారానికి కనీసం 150 నిమిషాల శారీరక శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ సంస్థ నిపుణులు 2024లో వెల్లడించిన 2022 నాటి అంచనా ప్రకారం, భారతదేశంలో పురుషుల్లో 42 శాతం మందికి, స్త్రీలలో 57 శాతం మందికి ఆ మేరకు శ్రమ లేదు. ఈ తేడాను స్త్రీల బద్ధకం అనడం అన్యాయం. ఇది చోటు లేకపోవడం, తీరిక లేకపోవడం.

ఈ చిక్కును ఒక ఊరు ఊరంతా కలిసి ఎలా విప్పుకుందో చూద్దాం. దక్షిణ అమెరికాలోని కొలంబియా దేశ రాజధాని బొగొటా. 1974 డిసెంబరులో అక్కడి సైకిలు ప్రియులు కొన్ని రోడ్ల మీద కార్లను ఆపించి, కొన్ని గంటలపాటు తాము తిరిగారు. నగర పాలక సంస్థ ఆ పద్ధతిని తన చేతికి తీసుకుంది. నేడు ప్రతి ఆదివారం, సెలవు రోజుల్లోనూ ఉదయం 7 నుంచి మధ్యాహ్నం 2 గంటల వరకు 120 కిలోమీటర్లకు పైగా రోడ్లు నడిచేవారికి, సైకిళ్ళకు వదిలేస్తారు. ధనికుల పేటలనూ పేదల పేటలనూ కలుపుతూ పోయే దారులవి. టికెట్టు లేదు, రుసుము లేదు. దీనికయ్యే ఖర్చు, పాల్గొనే ఒక్కొక్కరిపై ఏడాదికి సుమారు 6 డాలర్లేనని 2012లో ఒక పరిశోధన తేల్చింది.

రోడ్డు తెరిస్తే మగవారే ఎక్కువగా వస్తారు కదా అనిపించవచ్చు. అందుకే 1995 నుంచి పార్కుల్లో, కూడళ్ళలో ఉచిత వ్యాయామ తరగతులు కూడా నడుపుతున్నారు. వీటికి వచ్చేవారిలో అత్యధికులు స్త్రీలే. 2020లో మరో అడుగు వేశారు. బిడ్డలనూ ముసలివారినీ చూసుకునే గృహిణుల కోసం కేంద్రాలు తెరిచారు. తల్లి చదువుకో, వ్యాయామానికో వెళితే, ఆ కాసేపు ఆమె బిడ్డలను సిబ్బంది చూసుకుంటారు. ముందు తీరిక కల్పించి, ఆ తర్వాతే వ్యాయామం చేయమన్నారన్నమాట!

మన దగ్గర ఇది సాధ్యమా? 2021 అక్టోబరులో ఆదివారం సాయంత్రం చార్మినార్ వద్ద వాహనాలు ఆపితే, పిల్లాపాపలతో కుటుంబాలు తరలివచ్చాయి. జనానికి కోరిక ఉందనడానికి ఇంతకంటే రుజువు అక్కరలేదు. అయితే ఒకనాటి సంబరం ఆరోగ్యాన్ని ఇవ్వదు. వారం వారం తప్పని అలవాటే ఇస్తుంది.

పెద్ద రోడ్ల సంగతి కార్పొరేషన్ చూడాలి, మనం అడగాలి. మన చేతిలో ఉన్నవీ కొన్ని ఉన్నాయి. ఎన్నో ఊళ్ళలో షాదీఖానాలు పెళ్ళిళ్ళు లేని రోజుల్లో తాళం వేసి ఉంటాయి. బడి మైదానాలు సాయంత్రమైతే ఖాళీ. రోజూ ఒక గంట వాటిని స్త్రీల కోసం తెరిచి, గేటు వద్ద ఒక పెద్దామెను కూర్చోబెట్టి, చిన్నపిల్లలను చూసుకోవడానికి వంతులు వేసుకుంటే ఖర్చు ఏమంత అవుతుంది? ఆ గంటసేపు ఇంట్లో బియ్యం ఏరడం, పసివాణ్ణి ఎత్తుకోవడం మగవాళ్ళం నేర్చుకోవాలి మరి!

వచ్చే జుమా తర్వాత కమిటీ పెద్దలు కూర్చున్నప్పుడు, లెక్కల పుస్తకంతో పాటు ఈ మాట కూడా ముందు పెట్టండి. మేమూ మా వీధిలో షాదీఖానా తాళం చెవి అడగబోతున్నాం. ఇన్‌షా అల్లాహ్, ఆ ఆపాకు ఈసారి జవాబు చెప్పగలుగుతాం.