రోగనిరోధక కణాలు - గ్లూకోజ్ స్వీకరణలో భేదాలు

ఉపోద్ఘాతం:

భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్క్‌తో కలిసి కండరం నుండి ఏటీపీని వేరుచేసి 1929లో ప్రకటించారు. జీవకణం చేసే పనులన్నింటికీ శక్తిని అందించే అణువు ఇది. దీని తయారీకి ముఖ్యమైన ముడిసరుకు గ్లూకోజ్. అయితే ఒకే రక్తంలో సంచరించే రోగనిరోధక కణాలన్నీ గ్లూకోజ్‌ను ఒకే మోతాదులో గ్రహించవు. ఈ భేదానికి గల కారణాలను, రోగనిర్ధారణపై దాని ప్రభావాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

వాహక ప్రోటీన్లు:

గ్లూకోజ్ నీటిలో కరిగే పదార్థం. కొవ్వుతో నిర్మితమైన కణత్వచాన్ని అది తనంతట తాను దాటలేదు. 'గ్లూట్' అనే వాహక ప్రోటీన్లు దానిని లోపలికి చేరుస్తాయి. కండర, కొవ్వు కణాలలో గ్లూట్-4 ఇన్సులిన్ సంకేతం అందినప్పుడు కణత్వచానికి చేరుతుంది. రోగనిరోధక కణాలలో ప్రధానమైనవి గ్లూట్-1, గ్లూట్-3. కణం క్రియాశీలమైనప్పుడు వీటి సంఖ్య పెరుగుతుంది.

కణాలవారీ భేదాలు:

న్యూట్రోఫిల్‌లలో మైటోకాండ్రియాలు తక్కువ. అందువల్ల అవి శక్తికోసం ప్రధానంగా గ్లైకాలిసిస్‌పై ఆధారపడతాయి. సూక్ష్మజీవులను ఎదుర్కొనే మాక్రోఫేజ్‌లు గ్లూట్-1ను పెంచుకొని గ్లూకోజ్‌ను అధికంగా గ్రహిస్తాయి. గాయాన్ని మాన్పే మాక్రోఫేజ్‌లు మైటోకాండ్రియాలలో జరిగే ఆక్సీకరణ వైపు మొగ్గుతాయి. విశ్రాంత టి-కణాల అవసరం స్వల్పం. ప్రతిజనకాన్ని గుర్తించి, సీడీ28 ద్వారా సహసంకేతం పొందిన టి-కణంలో గ్లూట్-1 వేగంగా పెరుగుతుంది. నియంత్రక టి-కణాలు, స్మృతి టి-కణాలు కొవ్వు ఆమ్లాలను కూడా విరివిగా వినియోగించుకోగలవు. ప్రతిరక్షకాలను తయారుచేసే ప్లాస్మా కణాలు తాము గ్రహించిన గ్లూకోజ్‌లో ఎక్కువ భాగాన్ని ఆ ప్రతిరక్షకాలకు చక్కెర గొలుసులను చేర్చడానికి వాడుకుంటాయి.

ఒక గ్లూకోజ్ అణువు నుండి గ్లైకాలిసిస్ ద్వారా నికరంగా లభించేవి 2 ఏటీపీలు మాత్రమే. సంపూర్ణ ఆక్సీకరణలో సుమారు 30 లభిస్తాయి. అయినా క్రియాశీల కణాలు మొదటి మార్గాన్ని విరివిగా వాడుకోవడానికి కారణం లేకపోలేదు. ఆ మార్గం వేగవంతమైనది. పైగా విభజనకు కావలసిన న్యూక్లియోటైడ్‌లకు, కొవ్వులకు అవసరమైన ముడిపదార్థాలు దాని మధ్యదశల నుండే సమకూరుతాయి.

రోగనిర్ధారణలో ప్రాధాన్యం:

పెట్ స్కాన్‌లో రేడియోధార్మిక ఫ్లోరిన్-18ను కలిగిన గ్లూకోజ్ సదృశాన్ని రోగికి ఎక్కిస్తారు. ఆ ఫ్లోరిన్ అర్ధజీవితకాలం సుమారు 110 నిమిషాలు. ఈ సదృశం గ్లూట్ ద్వారానే కణంలోకి ప్రవేశించి, ఫాస్ఫేట్‌ను పొంది, ముందుకు సాగలేక అక్కడే నిలిచిపోతుంది. క్యాన్సర్ కణాల ఉనికిని పసిగట్టడానికి ఈ పద్ధతిని విస్తృతంగా వాడుతున్నారు. కాని ఎలుకల కణితులపై 2021లో వెలువడిన ఒక అధ్యయనంలో, కణానికి లెక్కిస్తే క్యాన్సర్ కణాలకంటే మాక్రోఫేజ్‌ల వంటి మైలాయిడ్ కణాలే అధికంగా గ్లూకోజ్‌ను గ్రహించినట్లు తేలింది.

క్షయవ్యాధి విస్తృతంగా ఉన్న మన దేశంలో ఈ విషయం మరింత కీలకమైనది. క్షయ గ్రాన్యులోమాలలో చేరిన మాక్రోఫేజ్‌లు, లింఫోసైట్‌లు గ్లూకోజ్‌ను అధికంగా గ్రహించడంవల్ల, క్షయ సోకిన శోషరస గ్రంథి స్కాన్‌లో క్యాన్సర్ గ్రంథివలె ప్రకాశించవచ్చు.

ముగింపు:

గ్లూకోజ్ స్వీకరణ కణం రకాన్ని, అది ఉన్న స్థితిని, నిర్వర్తించే పనిని బట్టి మారుతుంది. స్కాన్‌లో కనిపించే వెలుగు గ్లూకోజ్ చేరిన చోటును చూపుతుంది కాని, దానిని గ్రహించిన కణం ఏదో చెప్పదు. అందువల్ల అనుమానాస్పద గ్రంథి నుండి కణజాలాన్ని సేకరించి పరీక్షించిన తరువాతనే క్యాన్సరా, క్షయా అన్నది నిర్ధారించడం సమంజసం. ఈ రెండింటి చికిత్సలు పూర్తిగా వేరు.